రాసిపెట్టింటే చదివేదెందుకు?

'అయివారా, దేవుడు అంతా ముందే రాసిపెట్టినాడంట గదా, ఇంక చదివేదెందుకు?'

పదో తరగతి పిల్లోడు మమ్మల్ని అడిగిన మాట ఇది. ఎగతాళికి అడగలేదు, ఏడుపు మొహంతో అడిగినాడు. లెక్కల్లో క్లాసుకంతా వాడే ముందు. ఇంటర్లో ఎంపీసీ తీసుకోవాలని వాడి ఆశ. ఆదివారం వాడకొచ్చే బోధకుడు వాళ్ళ నాయనకు వేరే దారి చూపించినాడు. పిల్లోణ్ణి బైబిలు స్కూల్లో వెయ్యి, తిండీ బట్టా వాళ్ళే చూసుకుంటారు. లోకజ్ఞానం ఎక్కువైతే విశ్వాసం తగ్గుతుంది. ఎవరు ఏర్పడినవాళ్ళో దేవుడు ముందే నిర్ణయించినాడు, నీ కొడుకు లెక్కలు నేర్చి దాన్ని మారుస్తాడా? ఇదీ ఆయన బోధ. ఆ బోధకుడూ మనోడే, మన వాడలో పుట్టినోడే. సెల్‌ఫోన్లో విన్న ప్రసంగాల్లోంచి కాల్విన్ పేరూ, 'ఏర్పాటు' అనే మాటా పట్టుకొచ్చినాడు. సగం వినింది మొత్తం అనుకున్నాడు.

అదే వారం స్టాఫ్ రూములో ఇంకో మాట. 'మీకేం సార్, దొరలు బైబిలుతో బాటు చదువూ పెట్టినారు. లేకుంటే ఈ కుర్చీలో కూర్చునుంటారా?' పెద్ద కులం పంతులొకాయన నవ్వతానే అన్నాడు. చుట్టూ ఉన్నోళ్ళూ నవ్వినారు.

ఒక మాట మన వాడ లోపల్నుంచి వచ్చింది, ఇంకోటి ఊళ్ళోంచి వచ్చింది. రెండింటి సారం ఒకటే: చదువు మీ సొత్తు కాదు. ఒకాయన దేవుడి పేరు చెప్పి వద్దంటాడు. ఇంకొకాయన దొర పేరు చెప్పి అది భిక్షం అంటాడు. వేలిముద్రల వంశంలో మొదటి డిగ్రీ పట్టా చూసిన తరం మాది. సంక్షేమ హాస్టల్లో పురుగులేరుకుని అన్నం తిని చదువుకున్నోళ్ళం. ఈ ఇద్దరికీ జవాబు చెప్పకుండా ఊరుకునేది ఎట్లా?

కాల్విన్ పలక పగలగొట్టినోడు కాదు

ముందు బోధకుడి సంగతి. అయ్యా, నువ్వు పేరెత్తిన జాన్ కాల్విన్ ఎవరు? 1509లో ఫ్రాన్సులో పుట్టినాడు. లా చదివినాడు. గ్రీకు నేర్చినాడు, హీబ్రూ నేర్చినాడు. 1532లో ఆయన అచ్చు వేసిన మొదటి పుస్తకం బైబిలు మీద కాదు. సెనెకా అని క్రీస్తును ఎరగని రోమను తత్వవేత్త ఒకడు, ఆయన పుస్తకానికి వ్యాఖ్యానం. లోకజ్ఞానం పాపమైతే మొదటి పాపి కాల్వినే గదా!

1536లో మొదలుపెట్టి 1559 దాకా పెంచుతా వచ్చిన పెద్ద గ్రంథంలో ఆయన ఏం వాదించినాడు? సత్యం యాడ దొరికినా అది దేవుడిదే. అవిశ్వాసులు కనిపెట్టిన న్యాయశాస్త్రం, వైద్యం, గణితం అన్నీ దేవుడి వరాలే. వాటిని తక్కువ చేసి చూస్తే ఇచ్చినోణ్ణి అవమానించినట్టే. గణితం కూడా ఆ లెక్కలో ఉంది, బోధకుడయ్యా! మా పిల్లోడు అడిగే లెక్కలే అవి. 1559లో జెనీవాలో కాల్విన్ ఒక అకాడెమీ తెరిచినాడు. కింద పిల్లకాయల బడి, పైన ఉన్నత విద్య. ఆ విశ్వాసం పోయిన చోటల్లా బడి వెంట పోయింది. 1560లో స్కాట్లండులో జాన్ నాక్స్, ఆయన తోటివాళ్ళు ప్రతి గుడి పక్కనా బడి ఉండాలని, బీదోడి బిడ్డను సంఘమే ఖర్చు పెట్టి చదివించాలని ప్రణాళిక రాసినారు. గుడి మాన్యాలు మింగిన జమీందార్లు డబ్బులు ఇవ్వలేదు. ఊరూరా బడి పెట్టాలనే గట్టి చట్టం 1696కు గాని రాలేదు. దొరలున్న ప్రతి దేశంలోనూ బడి మాన్యం కథ ఇదే గదా. హాలండులో లైడెన్ విశ్వవిద్యాలయం 1575లో, అమెరికాలో హార్వర్డు 1636లో పుట్టినాయి. రెండూ ఈ విశ్వాసం పెంచిన బిడ్డలే.

అంతా ముందే నిర్ణయమైందని నమ్మినోళ్ళు ఇన్ని బళ్ళు ఎందుకు కట్టినారు? మా పిల్లోడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

తలరాత వేరు, ఏర్పాటు వేరు

మన దేశంలో 'ముందే రాసింది' అంటే ఏంది? తలరాత. పోయిన జన్మలో పాపం చేసినావు, అందుకే మాలోడివై పుట్టినావు, మాదిగోడివై పుట్టినావు. రాత ఏమి రాసిందో తెలుసుకోవాలంటే కులం అడిగితే చాలు. పుట్టుకే సాక్ష్యం, పుట్టుకే తీర్పు, పుట్టుకే శిక్ష. ఈ రాతకు కాపలాదారు మనుస్మృతి.

కాల్విన్ చెప్పిన ఏర్పాటు ఇట్లాంటిది కాదు. దేవుడు ఎవరినైనా ఏర్పరచుకుంటే వాళ్ళ పుట్టుక చూసి కాదు, ఆస్తి చూసి కాదు, చేసిన పుణ్యం చూసి కూడా కాదు. ఎవరు ఏర్పడినవాళ్ళో ఏ పూజారీ, ఏ పాస్టరూ, ఏ రాజూ మొహం చూసి చెప్పలేడు. తలరాత చీటీని నొసటి మీద అంటించి ఊరంతా తిప్పుతారు. ఈ చీటీ దేవుడి దగ్గరే ఉంటుంది, ఇంకెవరికీ అందదు. రెండూ ముందే రాసినవే అనుకున్నా, ఒకటి కులానికి పునాది. రెండోది నిజంగా నమ్మితే కులానికి నిలబడే చోటు లేదు.

ఇంకో సంగతి. మనిషన్నోడు ఎవడైనా చెడిపోయినోడే అంటుంది ఆ సిద్ధాంతం. పోపు అయినా సరే, రాజు అయినా సరే. అట్లాంటప్పుడు ఎవడి మాటా గుడ్డిగా నమ్మేదానికి లేదు. పుస్తకం తెరిచి చూడాల, నువ్వే చదవాల, అడగాల. చదువు రాకుంటే విశ్వాసమే లేదు. అందుకే ఆడా మగా పాలేరూ అందరికీ అక్షరం నేర్పక వాళ్ళకు తప్పలేదు.

కాబట్టి బోధకుడయ్యా, 'ఏర్పాటు ఉంది, చదువు వద్దు' అని నువ్వు చెప్పేది కాల్విన్ మాట కాదు. మన అవ్వతాతల కాలం నుంచి ఊరు మనకు చెప్తా వచ్చిన తలరాతే. దానికి బాప్తిస్మం ఇచ్చి కొత్త పేరు పెట్టినావు, అంతే.

కాల్విన్‌ను నెత్తికెత్తుకోం

అట్లని కాల్విన్ పటానికి మేం దండ వెయ్యబోవడం లేదు. 1553లో మైకేల్ సెర్వెటస్ అనే పండితుణ్ణి జెనీవాలో బతికుండగానే కాల్చినారు. ఆయన వైద్యుడు. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం ఎట్ల పోయి వస్తుందో యూరపులో ముందుగా రాసినవాళ్ళలో ఒకడు. త్రిత్వం మీద వేరే మాట రాసినందుకు మంటల్లో వేసినారు. ఆ కేసులో కాల్విన్ చెయ్యి ఉంది.

దానికి ఎదురు నిలిచినోడు ఎవరు? సెబాస్టియన్ కాస్టెల్లియో. అంతకు ముందు జెనీవాలో బడి నడిపిన అయివారు. కాల్విన్‌తో పొసగక ఊరు విడిచి బాసెల్‌కు పోయి, పేదరికంలో బతికినాడు. వేరేగా ఆలోచించినోణ్ణి చంపే హక్కు ఎవరికీ లేదని 1554లో పుస్తకం వేసినాడు. ఆ విశ్వాసం బడిని కట్టింది. ఆ బడిలో నేర్చిన ప్రశ్న తన మీదికి తిరిగేసరికి ఓర్చుకోలేక కట్టెలు పేర్చింది. రెండూ నిజమే. ఎవరి పక్షం అంటే మేం ఆ బడి అయివారి పక్షం.

మన జిల్లాకొచ్చిన కాల్విన్

ఇప్పుడు స్టాఫ్ రూము పంతులు అన్న 'దొరలు పెట్టిన చదువు' సంగతి. మా పూతలపట్టు కూడల్లో నిలబడితే ఒక దారి తిరుపతికి పోతుంది, ఒకటి పీలేరు మీదుగా మదనపల్లె పక్కకు, ఒకటి చిత్తూరు మీదుగా రాయవేలూరుకు. ఈ చివరి రెండు దారుల చరిత్రలో కాల్విన్ ఉన్నాడని మనలో చానామందికి తెలీదు. 1853లో స్కడ్డర్ అన్నదమ్ములు పెట్టిన ఆర్కాటు మిషను అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చిది. హాలండు నుంచి అమెరికాకు పోయి స్థిరపడిన కాల్విన్ సంఘం అది. చిత్తూరు దాని తొలి స్టేషన్లలో ఒకటి. తర్వాత మదనపల్లెకు వచ్చిన జేకబ్ చేంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడుగా పనిచేసినాడు. 1918లో రాయవేలూరులో ఆడోళ్ళకు వైద్యం నేర్పే బడి తెరిచిన అయిడా స్కడ్డర్ ఆ కుటుంబం బిడ్డే. మన జిల్లా జనం రోగమొస్తే ఈరోజుకీ బస్సెక్కి పోయేది ఆ ఆసుపత్రికే.

మేలు చేసినారు, కాదనం. ఊరి బడి గడప మనల్ని తొక్కనియ్యని కాలంలో మిషను బడి చాప పరిచింది. అయితే ఆ చాప యాడిదాకా పరిచింది? అది అడగాల.

మొదట్లో ఆర్కాటు మిషను నియమమేమంటే, ముఖ్యమైన పని దేశభాషలో సువార్త చెప్పడం, క్రైస్తవులు కానోళ్ళ కోసం ఇంగ్లీషు బళ్ళు నడపడం మా పని కాదు అని. ఆ నియమం తర్వాత సడలింది. 1898లో వేలూరులో కాలేజీ కూడా వచ్చింది. ఇంకో పక్క 1880లలో పలమనేరులో వేదాంత పాఠశాల పెట్టినారు. పల్లెల్లో మారిన మనోళ్ళ పిల్లకాయలకు బైబిలు నేర్పి ఉపదేశులుగా, పల్లె బడి అయివార్లుగా పంపేదానికి. చదువుకున్న మన మొదటి తరం అదే. వాళ్ళకు మొక్కాల. కాని మన చదువుకు గీసిన గీత కూడా అక్కడే కనిపిస్తుంది. కాలేజీలో ఇంగ్లీషు, తర్కం, సైన్సు చదివి వకీళ్ళు, తాసీల్దార్లు అయినోళ్ళలో ఎక్కువమంది ఎవరు? అగ్రకులాలోళ్ళు. మనోడు? సైకిలుకు బైబిలు సంచి తగిలించుకుని పల్లె పల్లె తిరిగే ఉపదేశి. మనమ్మాయి? ఆయా, నర్సు. అదే దేవుడు, అదే మిషను, గడపలు మాత్రం రెండు.

ఇది ఒక్క ఆర్కాటు సంగతి కాదు. 1830లో కలకత్తాలో బడి పెట్టిన అలెగ్జాండర్ డఫ్ స్కాట్లండు కాల్విన్ సంఘపోడు. పై కులాల కుర్రోళ్ళకు ఇంగ్లీషు చదువు చెప్తే అది కిందికి దిగుతుందని ఆయన లెక్క. మదరాసులో 1837లో జాన్ ఆండర్సన్ పెట్టిన బడే తర్వాత క్రిస్టియన్ కాలేజీ అయింది. తొలి రోజుల్లో పరయ పిల్లకాయలు చేరినారని పెద్ద కులాలోళ్ళు గొడవకొచ్చి తమ బిడ్డల్ని మాన్పించుకుంటే, ఆండర్సన్ మాత్రం ఆ పిల్లల్ని వెళ్ళగొట్టను పొమ్మన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు జోహారు! తర్వాత ఏమైంది? 1862లో వచ్చిన విలియం మిల్లర్ కాలంలో ఆ కాలేజీకి గొప్ప పేరొచ్చింది. క్రైస్తవ భావాలు అగ్రకుల విద్యావంతుల్లోకి ఇంకి మెల్లగా దేశమంతా వ్యాపిస్తాయనేది ఆయన సిద్ధాంతం. పై మడి తడిస్తే కింది మడికి నీళ్ళొస్తాయంట! మన జిల్లాలో చెరువు కింద సేద్యం చేసినోణ్ణి ఎవర్నైనా అడగండి. పై మడోడు గట్టు తెగ్గొట్టి కిందికి నీళ్ళిచ్చింది ఎప్పుడన్నా చూసినారా?

ఇది కుట్ర అని పసిగట్టినోడు ఎవరు? అదే స్కాట్లండు మిషను వాళ్ళు పూణేలో నడిపిన బడిలో చదివిన మాలి కులం బిడ్డ, జోతిబా ఫూలే. చదువు తీసుకున్నాడు, బాప్తిస్మం తీసుకోలేదు. 1848లో సావిత్రిబాయితో కలిసి ఆడపిల్లల బడి తెరిచినాడు. 1882లో హంటర్ కమిషను ముందు ఏమన్నాడు? రైతులూ కూలోళ్ళూ కట్టే పన్నులతో పై కులాలోళ్ళకు పెద్ద చదువులు చెప్పిస్తా ఉన్నారు, చదువు పైనుంచి కిందికి దిగుతుందనేది అబద్ధం, ముందు జనానికి ప్రాథమిక విద్య ఇయ్యండి అని నిలదీసినాడు. డఫ్‌దీ ఫూలే బడిదీ ఒకే విశ్వాసం. ఆ విశ్వాసంతో డఫ్ పై కులాలకు నిచ్చెన వేసినాడు. దాని బడిలో నేర్చిన అక్షరంతో ఫూలే నిచ్చెనెక్కినోళ్ళను లెక్క అడిగినాడు.

స్టాఫ్ రూము మిత్రమా, ఇప్పుడు చెప్పు. మిషను చదువు ఎక్కువ తిన్నది ఎవరు? మాకు అందింది పల్లె బడి, ఉపదేశి పని. మీ పెద్దోళ్ళకు అందింది మిషను కాలేజీ, దాంతో కొలువులు. భిక్షమంటే ఇద్దరికీ భిక్షమే. మీ గిన్నె పెద్దది, మాది చిన్నది, అంతే తేడా.

పీఠమెక్కిన విశ్వాసం ఏం చేసింది?

పెద్ద చదువూ విశ్వాసమూ కలిస్తే చాలు, మంచి జరుగుతుందనుకునే అమాయకులకు ఇంకొక కథ చెప్పాల. అమెరికాకు పోయిన హాలండు కాల్విన్ సంఘమే 1652లో దక్షిణాఫ్రికాకు కూడా పోయింది. అక్కడ 1857లో ఆ సంఘం సినడు ఒక తీర్మానం చేసింది. తెల్లోళ్ళూ నల్లోళ్ళూ ఒకే చోట ప్రభుభోజనం తీసుకునేది లేఖనానుసారమే గాని, కొందరి 'బలహీనత' వల్ల వేరు వేరుగా ఆరాధించుకోవచ్చు అని. ఈ బలహీనత మనకు తెలియనిదా? మన దేశంలోనూ ఎన్ని గుళ్ళలో వేరే బెంచీలు, ఎన్ని ఊళ్ళలో వేరే సమాధులు!

కొందరి బలహీనత కాస్తా నూరేళ్ళలో దేశానికి చట్టమైంది. ఈసారి 'ఏర్పడిన' మాటకు తెల్ల తోలు కప్పినారు. వాళ్ళే ఏర్పడిన జాతి అంట! పుట్టుకను చూడని దేవుడి చేతికి పుట్టుక రిజిస్టరు ఇచ్చినారు. నల్ల పిల్లకాయలకు తక్కువరకం చదువు చాలని 1953లో బంటూ విద్యా చట్టం తెచ్చిన మంత్రి ఫెర్‌వూర్ట్ ఎవరనుకున్నారు? స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా చేసినోడు! చదువు లేనోడు చేసిన దుర్మార్గం కాదది, డాక్టరేటు ఉన్నోడు చేసింది. 1959లో విశ్వవిద్యాలయాలను కూడా రంగు ప్రకారం విడగొట్టినారు.

మరి దాన్ని వేదాంతంతోనే పడగొట్టింది ఎవరు? ఆ వెలివేసిన సంఘంలో పుట్టి చదువుకున్నోళ్ళే. అలన్ బూసాక్ లాంటోళ్ళు కాల్విన్ చదివి, కాల్విన్ పేరుతోనే తెల్ల సంఘాన్ని బోనులో నిలబెట్టినారు. 1982లో ఒట్టావాలో ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల సభ వర్ణవివక్షను సమర్థించే వేదాంతం మతద్రోహమని తీర్పు చెప్పింది. ఆ సభ బూసాక్‌నే అధ్యక్షుణ్ణి చేసింది. అదే ఏడాది మిశ్రమజాతి విశ్వాసుల సంఘం బెల్హార్‌లో ఒక విశ్వాస ప్రకటన రాసుకుని 1986లో ఆమోదించింది. అన్యాయానికి గురైనోళ్ళ పక్షాన దేవుడుంటాడని అందులో ఒప్పుకున్నారు. మన చిత్తూరుకు మిషనరీలను పంపిన అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి 2010లో ఆ బెల్హార్ ప్రకటనను తన విశ్వాస ప్రమాణాల్లో చేర్చుకుంది.

దీని అర్థమేంది? విశ్వాసం దానంతట అది చదువును చంపదు, కాపాడదు. చదువు దానంతట అది న్యాయం చెయ్యదు. తాళం ఎవరి చేతిలో ఉందనేదే అసలు ప్రశ్న. పైనున్నోడి చేతిలో ఉంటే బైబిలూ విశ్వవిద్యాలయమూ కలిసి వెలివాడ కడతాయి. వెలివాడ బిడ్డ చేతికి వస్తే ఆ బైబిలే, ఆ విశ్వవిద్యాలయమే గోడ కూలుస్తాయి.

నమ్మకమా? సీటా?

ఈరోజు మన బిడ్డ ముందు ఈ దేశం ఇంకో తాళం పెట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులమంటే హిందువులు మాత్రమే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవ దళితుడు బయటే. మన రాష్ట్రంలో వాడు బీసీ 'సి'. ఎస్సీలకు 15 శాతం ఉన్నచోట వాడికి 1 శాతం. మతం మారితే ఊరు కులం మరిచిపోయిందా? చెంబు మారిందా? పెళ్ళి సంబంధం మారిందా? సర్టిఫికెట్టొక్కటే మారింది. అందుకే మన వాడల్లో రికార్డుకొక దేవుడు, ఇంటికొక దేవుడు. మన బిడ్డలు అబద్ధాలోళ్ళయి కాదు ఇది. నమ్మకానికి కాలేజీ సీటును వెల కట్టిన చట్టం సిగ్గుపడాల.

ఒక పక్క చట్టం అంటుంది: నమ్మితే సీటు లేదు. ఇంకో పక్క బోధకుడు అంటాడు: చదివితే నమ్మకం లేదు. మధ్యలో నలిగేది పదైదేళ్ళ పిల్లోడు.

అందుకని మేం అడిగేది

బోధకులారా, మీరు మా అన్నదమ్ములే. చదువు వద్దనే హక్కు మీకు లేదు. మీ విశ్వాసం అక్షరం మీదనే నిలబడింది. వేదాంతమే చదివిస్తామంటే హీబ్రూ, గ్రీకు వచ్చేదాకా చదివించండి, బూసాక్ లాంటోణ్ణి తయారు చెయ్యండి. ఆరు నెలల బైబిలు స్కూలుతో సరిపెట్టి, ఇంకొకడి ప్రసంగాలు అప్పజెప్పే ఉపదేశిని చెయ్యొద్దు.

మిషను ఆస్తుల మీద కూర్చున్న సంఘ పెద్దలారా, మీ కాలేజీల్లో సీట్లు ఎవరికి పోతా ఉన్నాయో, దళితవాడ బిడ్డలకు ఎన్ని ఇచ్చినారో గేటు దగ్గర బోర్డు మీద రాయండి. పేదోడి బిడ్డను సంఘమే చదివించాలని 1560లో నాక్స్ రాసింది మీ పెద్దోళ్ళ మాటే గదా!

ప్రభుత్వాన్ని అడిగేది ఒకటే: 1950 ఉత్తర్వులోని మతం షరతు తీసెయ్యి.

చివరగా మన మాట. ఉద్యోగమొస్తే చాలు, ఇంక పుస్తకమెందుకని మూసిపెట్టిన అయివార్లం మనమే. మన ఇంట్లో అమ్మాయికి డిగ్రీ చాలులే అనేది మనమే. ఆ తలరాతను ముందు మన ఇంటి గోడ మీద తుడిపేద్దాం.

ఆ పిల్లోడికి మేం చెప్పిన జవాబు ఇది: 'రేయ్, ఏం రాసిపెట్టిందో పాస్టరయ్యకూ తెలీదు, పంతులుకూ తెలీదు, మాకూ తెలీదు. తెలిసినట్టు చెప్పినోణ్ణి నమ్మొద్దు. నీ చేతిలో ఉండేది పెన్ను. నువ్వు రాయి.' వాళ్ళ నాయన ఇంకా ఏమీ తేల్చలేదు. రోజూ సాయంత్రం ఆ వాడకు పోయి అరుగు మీద కూర్చుంటా ఉన్నాం. కాలేజీ దరఖాస్తు మా జేబులోనే ఉంది. ఆయన సంతకం నేర్చుకున్నది మా రాత్రి బడిలోనే. ఆ సంతకం పడేదాకా పోతానే ఉంటాం.

జై భీమ్!

- పూతలపట్టు నుంచి ఒక బడి అయివారు